పోస్ట్‌గ్రెస్ ఫంక్షన్ నుంచి ఒకటికి మించి విలువలు తెచ్చుకోవడం ఎలా?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మీరు రాసిన ఫంక్షన్ అసలు, వడ్డీ, పెనాల్టీ మూడూ లెక్కకడుతోంది, కానీ రిటర్న్‌లో ఒక్కటే పంపగలుగుతున్నానన్నారు. మూడింటినీ కలిపి ఒకే టెక్స్ట్‌గా పంపి, జావాలో విడగొట్టుకోవచ్చా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. నేను చేసి చాలా ఇబ్బంది పడ్డాను.

అప్పుడు ఒక చీటీల కంపెనీకి లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. సభ్యుడు కట్టాల్సిన వాయిదా, డివిడెండ్, పెనాల్టీ మూడింటి మధ్య కామాలు పెట్టి స్ట్రింగ్‌గా పంపాను. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత మా టీమ్‌లోనే ఒకరు మొత్తాలు 1,25,000 లాగా కనిపించాలని ఫంక్షన్‌లో ఫార్మాట్ మార్చారు. ఇంకేముంది, రసీదులో వాయిదా 1 రూపాయి, డివిడెండ్ 25 రూపాయలు. ఎర్రర్ ఏదీ రాలేదు. ఒక సభ్యురాలు రసీదు చూసుకుని ఫోన్ చేస్తేనే మాకు తెలిసింది.

మీకు కావలసింది అవుట్ పారామీటర్లు, అంటే ఫంక్షన్ బయటికి పంపే విలువలకు పెట్టే పేర్లు. 2005లో వచ్చిన 8.1 వెర్షన్ నుంచీ ఉన్నాయి. ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లో, లోపలికి వెళ్లే ఖాతా నంబర్ తర్వాత అసలు, వడ్డీ, పెనాల్టీ అని మూడు పేర్లు రాసి, ఒక్కోదాని ముందు అవుట్ అని, వెనక న్యూమరిక్ అని పెట్టండి. రిటర్న్స్ లైను అక్కర్లేదు. లోపల ఆ పేర్లకు విలువలు ఇస్తే చాలు, మూడు కాలమ్‌లున్న ఒక వరుస వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం ఇది కుదరదు, అక్కడ ఫంక్షన్ ఒకే విలువ ఇస్తుంది కాబట్టి ప్రొసీజర్ రాసుకోవాలి.

ఒకటికి మించి వరుసలు కావాలంటే రిటర్న్స్ టేబుల్ అని రాసి, లోపల రిటర్న్ క్వెరీ వాడండి. అక్కడ ఇచ్చిన కాలమ్ పేర్లు పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్‌లో, అంటే పోస్ట్‌గ్రెస్ ఫంక్షన్లు రాసే భాషలో, వేరియబుల్స్ కూడా అవుతాయి. మీరు చదివే టేబుల్‌లోనూ వడ్డీ అనే కాలమ్ ఉంటే, ఏ వడ్డీ అన్నది తేల్చుకోలేక ఎర్రర్ ఇస్తుంది, అదీ ఫంక్షన్ నడిపేటప్పుడే. కాలమ్ ముందు టేబుల్ అలియాస్ (క్వెరీలో టేబుల్‌కు పెట్టుకునే పొట్టి పేరు) పెడితే ఆ ఎర్రర్ పోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది పిలిచే దగ్గర. నేను సభ్యుల టేబుల్ నుంచి సెలెక్ట్ చేస్తూ, ఫంక్షన్ కాల్‌ను బ్రాకెట్లో పెట్టి చివర చుక్క, నక్షత్రం గుర్తు తగిలించాను. మూడు కాలమ్‌లూ చక్కగా వచ్చాయి. కానీ రిపోర్ట్ విపరీతంగా నెమ్మదించింది. ఫంక్షన్ నడిచిన ప్రతిసారీ లాగ్ టేబుల్‌లో ఒక వరుస రాసేది. అది తెరిచి చూస్తే ఒక్కో సభ్యుడికి మూడేసి వరుసలున్నాయి! పోస్ట్‌గ్రెస్ ఆ నక్షత్రాన్ని విప్పి, కాలమ్‌కు ఒకసారి చొప్పున ఫంక్షన్‌ను పిలుస్తుంది. పది కాలమ్‌లుంటే పదిసార్లు. ఫంక్షన్ లోపల డబ్బు జమ చేసే అప్‌డేట్ ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

అందుకే ఫంక్షన్‌ను ఎప్పుడూ ఫ్రమ్‌లో పెట్టండి. ఒక్క ఖాతాకైతే సెలెక్ట్ నక్షత్రం ఫ్రమ్ అని, పక్కన ఫంక్షన్ పేరు. టేబుల్‌లోని ప్రతి వరుసకూ పిలవాలంటే 9.3 వెర్షన్ నుంచి లాటరల్ ఉంది, అది ఒక్కో వరుసలోని విలువను ఫంక్షన్‌కు అందిస్తుంది. టేబుల్ పక్కన క్రాస్ జాయిన్ లాటరల్ అని రాసి ఫంక్షన్‌ను పిలిస్తే వరుసకు ఒక్కసారే నడుస్తుంది. రిటర్న్స్ టేబుల్ ఫంక్షన్ ఒక్కోసారి ఖాళీగా తిరిగి రావచ్చు. అప్పుడు క్రాస్ జాయిన్‌లో ఆ సభ్యుడే రిపోర్ట్ నుంచి మాయమవుతాడు. మా దగ్గర బాకీ లేనివాళ్లందరూ అలాగే పోయారు. లెఫ్ట్ జాయిన్ లాటరల్ రాసి, ఆన్ ట్రూ అని పెడితే ఉంటారు.

రేపు నాలుగో విలువ కలపాల్సి వస్తే క్రియేట్ ఆర్ రీప్లేస్ ఒప్పుకోదు, రిటర్న్ టైప్ మార్చలేనంటుంది. డ్రాప్ చేసి మళ్లీ క్రియేట్ చేయాలి. డ్రాప్‌తో పాత గ్రాంట్‌లు, అంటే ఎవరెవరికి ఇచ్చిన అనుమతులు, పోతాయి. మీరు పబ్లిక్ (అంటే యూజర్లందరూ) నుంచి తీసేసిన ఎగ్జిక్యూట్ అనుమతి కొత్త ఫంక్షన్‌కు మామూలుగా తిరిగి వచ్చేస్తుంది. డ్రాప్, క్రియేట్, రివోక్, గ్రాంట్ నాలుగూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టండి, పోస్ట్‌గ్రెస్‌లో అది కుదురుతుంది.