లేతు మిషను పక్కన అయస్కాంతపు ఛార్జింగ్ కేబుల్ వద్దు, నాయనా

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

ఫోను ఛార్జింగ్ పోర్టు వదులైందని బీసెంట్ రోడ్డులో అయస్కాంతంతో అతుక్కునే కేబుల్ కొన్నావట. ఆటోనగర్‌లో మీ షాపులో ఇనుము చెక్కే లేతు మిషను పక్కనే పెట్టుకుని వాడుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

ఆ కేబుల్ కొస ఒకసారి చూడు. అయస్కాంతం మధ్యలో బంగారు రంగు చుక్కలు బయటికే ఉంటాయి. మామూలు ఛార్జరుకు తగిలించి స్విచ్ వేసి ఉంచితే, ఫోను ఉన్నా లేకపోయినా వాటి మధ్య 5 వోల్టులు ఉంటాయి. రెండు కొసలా టైప్-సి ఉన్న మామూలు కేబుల్‌లో అయితే, అవతల ఫోను ఉందని తెలిసేదాకా ఛార్జరు కరెంటు వదలదు. ఈ రకం కేబుళ్లలో చాలావాటికి ఆ కాపలా లేదు.

5 వోల్టులు మనిషికి షాక్ కొట్టవు, నిజమే. కానీ ఆ చుక్కల మధ్య ఇనుము అడ్డం పడితే షార్టవుతుంది, వేడి పుడుతుంది. 2 ఆంపియర్ల ఛార్జరు అంటే 10 వాట్లు. ఆ వేడి ఆవగింజంత చోట దిగితే ప్లాస్టిక్ కరుగుతుంది. మంచి ఛార్జరు వెంటనే ఆగిపోతుంది, నాసిరకానిది ఆగుతుందన్న నమ్మకం లేదు.

పోయిన ఏడాది మా చిన్నవాడు ఫోను తీసుకుని కేబుల్‌ను మంచం మీదే వదిలేశాడు. మీ అత్తయ్య చీర పిన్నీసు దానికి అతుక్కుంది. కాలిన వాసనకు నేను లేచేసరికి రెండు చుక్కలు నల్లబడ్డాయి, దుప్పటికి పెసరగింజంత చిల్లు పడింది. నేను లేచాను కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు మళ్లీ నిద్ర పట్టలేదు.

మా ఇంట్లో ఉన్నది ఒక్క పిన్నీసు. నీ కాళ్ల కింద నేలంతా ఇనుప రజను! అయస్కాంతం దాన్ని వెతుక్కుని మరీ లాక్కుంటుంది. కేబుల్ అతుక్కోవడానికి ఫోను పోర్టులో పెట్టి ఉంచే చిన్న ముక్కకూ ఆ రజనే పడుతుంది. అందుకని షాపులో ఆ కేబుల్ అసలు వాడవద్దు.

ఇంట్లో వాడక తప్పకపోతే ముందు స్విచ్ ఆపి, తర్వాతే ఫోను తియ్యి. రజను పట్టి ఉంటే ప్లగ్ పీకి, అంటుకునే టేపు అద్ది తీసెయ్యి, తడిగుడ్డ పెట్టకు. చెమట తగిలి చుక్కల మీద ఆకుపచ్చగా పట్టినా, నల్లమచ్చ కనిపించినా ఆ కేబుల్ పారెయ్యి. ఫాస్ట్ ఛార్జరుకు మాత్రం ఎప్పుడూ తగిలించకు. అందులో వోల్టేజీ 9కి, కొన్నిట్లో 20కి పెరుగుతుంది. అతుకు కాస్త జరిగి ఆ వోల్టేజీ పక్క చుక్కకు తగిలిందంటే ఫోనులో చిప్పే పోతుంది.

2006లోనే ఆపిల్ ల్యాప్‌టాప్‌లకు అయస్కాంతపు ఛార్జర్లు వచ్చాయి కదా అంటావేమో. వాటి ఛార్జరునూ ల్యాప్‌టాప్‌నూ ఒకదానికొకటి సరిపడేలా ఒకే కంపెనీ తయారు చేసింది. నీ కేబుల్ ఏ ఫోనుకైనా, ఏ ఛార్జరుకైనా తగిలించేది.

ఆదివారం ఫోనూ కేబులూ తీసుకుని భోజనానికి రా. ఫోను లేకుండానే ఆ చుక్కల మీద 5 వోల్టులు మీటరులో చూపిస్తాను. పోర్టు నేనే మార్చి పెడతాను, గంట పని.

మీ మామయ్య