ఎదుటివాళ్ళు మధ్యలో దూరినప్పుడు: మేనల్లుడికి ఒక ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

ఒరే అబ్బాయ్,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బ్రిడ్జి బోర్డు (ఒక ఆటకి పంచిన ముక్కలు) చూశాను. దాని కింద నీ పార్ట్‌నర్ డాక్టర్ గారి మీద విసుక్కుంటూ రాసినదీ చదివాను. ఆదివారం ఆట కోసం ఆ పెద్దాయన గుంటూరు నుంచి విజయవాడ వస్తున్నారు. తిరుగు ప్రయాణంలో మంగళగిరి దాటేదాకా ఆయన చెవుల్లో నీ సణుగుడే మోగి ఉంటుంది. ఈ బోర్డులో మాత్రం తప్పు ఆయనది కాదు.

ముక్కలు మళ్ళీ రాస్తున్నాను, చల్లగా చూడు. ఆయన 1 ఇస్పేట్‌తో బిడ్డింగ్ తెరిచారు (అంకెకి ఆరు కలిపితే అన్ని ట్రిక్కులు తెస్తామని మాట). నీ కుడిపక్కవాడు 2 డైమండ్ అన్నాడు. నీ చేతిలో ఇస్పేట్ రాజు, జాకీ, 7, 3. ఆఠీన్ ఆసు, రాజు, 6, 2. డైమండ్ 4 ఒక్కటే. కళావర్ ఆసు, 9, 7, 5. మొత్తం 15 పాయింట్లు (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1). నువ్వు 4 డైమండ్ అని స్ప్లింటర్ వేశావు, అంటే ఇస్పేట్‌కి మద్దతుంది, డైమండ్‌లో ఒకటో సున్నానో ఉందని ఎగిరి చెప్పే బిడ్. ఆయన 4 ఇస్పేట్ అన్నారు, నువ్వు పాస్ అన్నావు. 12 ట్రిక్కులు వచ్చాయి, స్లామ్ బోనస్ (12 తెస్తామని ముందే బిడ్ చేస్తే వచ్చేది) మాత్రం రాలేదు.

ఇప్పుడు ఆయన చేయి చూడు. ఇస్పేట్ ఆసు, రాణి, 9, 6, 2. ఆఠీన్ రాణి, 5. డైమండ్ రాణి, 7, 3. కళావర్ రాజు, 8, 4. ఉన్నవే 13 పాయింట్లు, అందులో డైమండ్ రాణి నీ ఒంటి ముక్క ముందు దండగ. స్ప్లింటర్ వేసినవాడి దగ్గర 11, 12 ఉంటాయని ఆయన లెక్క. ఆ చేతితో వెనక్కి తగ్గక ఏం చేస్తారు? నీ దగ్గర అదనంగా ఒక ఆసంత బలం ఉందని ఆయనకు కలలో కనపడాలా?

స్ప్లింటర్ అంటే బలం చాటుకోవడం కాదురా, అడగడం. "నాకు నాలుగు తురుపులున్నాయి, గేమ్‌కి (4 ఇస్పేట్‌కి) సరిపడా బలముంది, ఈ రంగులో ఒకటో సున్నానో ఉంది. ఈ రంగులో నీ దగ్గర ఏమున్నాయి?" అని అడిగి, జవాబు పార్ట్‌నర్‌కి వదిలెయ్యాలి. ఆయన వద్దంటే ఆగిపోగల చేతితోనే అడగాలి. నా లెక్కలో 10 నుంచి 13 పాయింట్లు, మంచి నాలుగు తురుపులు. నీలాగా 15 ఉంటే ముందు క్యూబిడ్ (ఎదుటివాడి రంగునే మనం అనడం), అంటే 3 డైమండ్. ఆయన 3 ఇస్పేట్ అని తగ్గినా నువ్వు పాస్ చెయ్యవు. 4 కళావర్ అని ఆసు చూపించి, అక్కడినుంచి బండి నువ్వే నడుపుతావు. ఎవరి దగ్గర ఎక్కువ బలముందో వాళ్ళే స్లామ్ సంగతి తేల్చాలి.

స్ప్లింటర్ నిజంగా పనిచేసే చోటు చూపిస్తాను. నీ ఆఠీన్ రాజునీ కళావర్ ఆసునీ తీసేసి ఇలా అనుకో: ఇస్పేట్ రాజు, జాకీ, 7, 3, ఆఠీన్ ఆసు, 8, 6, 2, డైమండ్ 4, కళావర్ రాజు, 9, 7, 5. 11 పాయింట్లు. 4 డైమండ్ అనడానికే పుట్టిన చేయి. దీనికి ఎదురుగా డాక్టర్ గారికి ఇస్పేట్ ఆసు, రాణి, 10, 6, 4. ఆఠీన్ రాజు, 5. డైమండ్ 9, 7, 3. కళావర్ ఆసు, రాణి, 4 ఉంటే ఆయనకు 15. ఒక డైమండ్ ఇచ్చేసి, మిగతా రెండిటినీ నీ తురుపులతో కోసేస్తారు. తురుపులు మరీ ఎదురుతిరిగితే తప్ప 6 ఇస్పేట్ వచ్చేస్తుంది. ఇద్దరి పాయింట్లూ కలిపితే 26 మాత్రమే.

ఇప్పుడు ఆయన చేతిలో డైమండ్ 9, 7, 3 బదులు రాజు, రాణి, 3 పెట్టి, కళావర్‌లో ఆసు తీసేసి రాణి, 6, 4 ఉంచు. పాయింట్లు 16, అంటే ఒకటి పెరిగింది. అయినా డైమండ్ ఆసు, కళావర్ ఆసు రెండూ అవతలే ఉన్నాయి, స్లామ్ ఊసే లేదు. డైమండ్ రాజు, రాణి చూసుకుని ఆయన మురిసిపోతే ఐదో లెవెల్లో మునగడమే. ఒంటి ముక్కకి ఎదురుగా మూడు చిన్న ముక్కలు బంగారం. ఆసుతో రెండు చిన్నవీ పర్లేదు. రాజు, రాణి కలిసి వచ్చాయంటే దండగ పాయింట్లు.

మధ్యలో ఒకడు బిడ్ చేశాడు కాబట్టి ఇంకో సంగతి కూడా తెలుస్తోంది. ఆ రంగు పెద్ద ముక్కలు వాడి దగ్గరే ఉండాలి. వాడు ఆడేది నీకంటే ముందు, డాక్టర్ గారి తర్వాత. అందుకని డైమండ్ రాజు నీ దగ్గరుంటే వాడి ఆసు మీద కూర్చున్నట్టు, దాని విలువ పెరుగుతుంది. అదే రాజు డాక్టర్ గారి దగ్గరుంటే వాడి ఆసు, రాణి నోట్లోకి పోతుంది, విలువ తగ్గుతుంది. పాయింట్లు కూడడం అందరికీ వచ్చు. ఏ పాయింటు ఎవరి వెనక కూర్చుందో చూసేవాళ్ళు మన క్లబ్బుల్లో తక్కువ.

ఒంటి ఆసుతోగానీ ఒంటి రాజుతోగానీ స్ప్లింటర్ వెయ్యకు. పార్ట్‌నర్ నీ పాయింట్లన్నీ మిగతా మూడు రంగుల్లో ఉన్నాయనుకుంటాడు, లెక్కంతా తప్పుతుంది. మూడే తురుపులతో కూడా వద్దు, ఒంటి ముక్క ఎంత ముద్దొచ్చినా సరే.

మిగతా రెయిజులు (పార్ట్‌నర్ రంగుని పెంచే బిడ్లు) గబగబా చెప్పేస్తాను, నీకు సగం తెలిసినవే. 2 డైమండ్ మీద 2 ఇస్పేట్ అంటే మామూలు మద్దతు, 6 నుంచి 9. 3 ఇస్పేట్‌కి ఎగిరితే బలం లేదు, నాలుగు తురుపులున్నాయి, ఎదుటివాళ్ళకి దారి మూస్తున్నావు. పోటీ లేనప్పుడు మీరు ఆడే 3 ఇస్పేట్ వేరు, ఇది వేరు. ఆ రెంటినీ కలిపేసి గొడవపడే జంటలు బోలెడు. స్ప్లింటర్‌కి తగినవి తప్ప, 10 దాటిన ప్రతి మంచి మద్దతూ 3 డైమండ్ తలుపు గుండానే వెళ్ళాలి, మూడు తురుపులున్నా సరే. ఇస్పేట్ రాజు, జాకీ, 7, 6, 3, ఆఠీన్ 8, 2, డైమండ్ 4, కళావర్ రాణి, 9, 7, 5, 3 లాంటిది వస్తే నేరుగా 4 ఇస్పేట్. అందులోనూ ఒంటి డైమండ్ ఉంది, కానీ అది స్ప్లింటర్ కాదు. ఉన్నవి 6 పాయింట్లు, ఇంక అడగడానికేముంది?

ఎదుటివాడి రంగు కాకుండా వేరే రంగుల్లో స్ప్లింటర్ దగ్గరే అసలు టెన్షన్. 1 ఆఠీన్ మీద వాడు 1 ఇస్పేట్ అంటే గందరగోళం లేదు: 2 ఇస్పేట్ క్యూబిడ్, 3 ఇస్పేట్ ఆ రంగులో స్ప్లింటర్, 4 కళావర్, 4 డైమండ్ వాటి వాటి రంగుల్లో స్ప్లింటర్. కానీ 1 ఇస్పేట్, 2 డైమండ్ తర్వాత 4 కళావర్ అంటే? కొందరికి అది ఒంటి కళావర్. ఇంకొందరికి తురుపు మద్దతుతో పాటు మంచి కళావర్ రంగు. రెండూ పూర్తిగా వ్యతిరేక అర్థాలు. నాకు స్ప్లింటరే ఇష్టం, గుర్తుంచుకోవడం తేలిక. డాక్టర్ గారికి ఏది ఇష్టమో ఫోన్ చేసి కనుక్కో. టేబుల్ దగ్గర ఊహించుకోవద్దు.

మీ పార్ట్‌నరే ఓవర్‌కాల్ చేసినప్పుడు (ఎదుటివాళ్ళు తెరిచాక బిడ్ వేసినప్పుడు) మాత్రం చెయ్యి వెనక్కి లాక్కో. ఆయన దగ్గర 8, 9 పాయింట్లే ఉండొచ్చు. ఓపెనింగ్ ఎదురుగా స్ప్లింటర్ వేసే చేతులు చాలావరకు అక్కడ క్యూబిడ్‌కే సరిపోతాయి.

నువ్వు 4 డైమండ్ అన్నాక అవతలివాళ్ళు మన గేమ్ కంటే తమ ఓటమే చవకని 5 డైమండ్ అని బలికి దిగొచ్చు. మనం గేమ్‌కి బలంతో వెళ్ళాం కాబట్టి అది వాళ్ళకి ఊరికే వదలకూడదు. డాక్టర్ గారి డబుల్ (వాళ్ళు ఓడితే శిక్ష పెంచే మాట) అంటే "డైమండ్‌లో నా పాయింట్లు దండగ, ఇక్కడే కొడదాం" అని. పాస్ అంటే "నాకు దండగ ఏమీ లేదు, నిర్ణయం నీది" అని. ఆ పాస్ మీద నువ్వు పాస్ అనడానికి వీల్లేదు. డబుల్ చెయ్యి, లేదా 5 ఇస్పేట్ అను. దీన్ని కూడా ఆ ఫోన్‌లోనే ఖాయం చేసుకో.

అన్నట్టు, మీ నాన్న ఇంకా దీన్ని పేకాట అనే అంటున్నాడా? 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ జంట బ్రిడ్జిలో మనకు స్వర్ణం తెచ్చింది. అప్పటికి ఒకాయనకి 60, ఇంకొకాయనకి 56. ఆ మాట వాడి చెవిన వెయ్యి.

డాక్టర్ గారికి ఫోన్ చేసినప్పుడు ముందు సారీ చెప్పు, సిస్టమ్ సంగతి తర్వాత. వచ్చే ఆదివారం బోర్డుల్లో ఓవర్‌కాల్ పడ్డవన్నీ ముక్కలతో సహా రాసి పంపు. స్కోర్లు అక్కర్లేదు, బిడ్డింగ్ కావాలి.

మీ అత్తయ్య