లాన్ మోవర్ స్టార్ట్ అయిన ఐదు నిమిషాలకే ఆగిపోతోంది. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. కాకపోతే పెట్రోల్‌లో గాలి కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్ జోలికి వెళ్లకండి, ముందు పెట్రోల్ ట్యాంకు మూత చూడండి. నవ్వకండి, నాకు ఈ ముక్క తెలియడానికి 1,800 రూపాయలు ఖర్చయింది.

మీ మోవర్ ఫోర్ స్ట్రోక్ అయి ఉంటుంది. నాది భుజాన తగిలించుకునే టూ స్ట్రోక్ గడ్డి మిషన్, అంటే పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే రకం. ఉద్దానంలో మాకు కాస్త జీడితోట ఉంది. పిక్కలు రాలకముందే కింద తుప్పలు కొట్టించకపోతే రాలిన పిక్క కంటికి కనబడదు. సరిగ్గా ఆ పని రోజుల్లోనే మిషన్ మొండికేసింది. రెండో లాగుకే అందుకునేది, ఒక వరస కోసేసరికి నీరసపడి ఆగిపోయేది. కాశీబుగ్గలో ఒక మెకానిక్ అర నిమిషం చప్పుడు విని కార్బురేటర్ మార్చేశాడు. తోటకి తెచ్చాక మళ్లీ అదే వరస. ఈసారి "బోరు పోయింది, పిస్టన్ మార్చాలి" అన్నాడు.

మర్నాడు తోటలో తాడు లాగి లాగి అరచెయ్యి బొబ్బలెక్కింది. ఆగినప్పుడల్లా పెట్రోల్ ఉందో లేదో అని మూత తీసి చూస్తున్నాను. చెట్టు కింద కూర్చున్న మా అమ్మ అంది: "ఏట్రా, నువ్వు మూత తీసినప్పుడల్లా అది ఆడతంది కదా!"

నిజమే. ఈసారి చెవి దగ్గర పెట్టి మూత తిప్పితే సుయ్‌మని గాలి లోపలికి పోయింది. మూతకి గాలి పోవడానికి గుండుసూది మొనంత బెజ్జం ఉంటుంది. దుమ్మూ ఆయిలూ కలిసి అందులో తారులా గడ్డకట్టాయి. కొబ్బరిబొండానికి ఒకటే బెజ్జం పెట్టి బోర్లిస్తే నీళ్లు ఆగి ఆగి పడతాయి చూడండి, అదే లెక్క. పెట్రోల్ తగ్గినంత మేర గాలి లోపలికి రావాలి, లేకపోతే ఇంజన్‌కి పెట్రోల్ అందదు. మూతని పెట్రోల్‌తో కడిగి సైకిల్ పంపుతో ఊదాను. ఆ రోజు చీకటిపడే దాకా ఆగలేదు.

మూత బాగానే ఉంటే ఎయిర్ ఫిల్టర్ దులపండి, తర్వాత స్పార్క్ ప్లగ్ విప్పండి. తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువై ముంచేసింది, ఆరబెట్టి మళ్లీ లాగండి. ఎన్ని లాగినా పొడిగానే ఉంటే పెట్రోల్ రావడం లేదు. బ్లేడు మీద చెయ్యి వేసే ముందు మాత్రం ప్లగ్ క్యాప్ పీకేయండి, ఇందులో బద్ధకం వద్దు.

ఇక పెట్రోల్ సంగతి. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమని లాగేస్తుంది. కారులో అయితే వారంలో అయిపోతుంది. మన మిషన్ ఆర్నెల్లు మూల పడి ఉంటుంది. అందుకే సీజన్ అయ్యాక ట్యాంకు ఒంపేసి, ఆగేదాకా నడిపి దాస్తాను. టూ స్ట్రోక్ వాళ్లు ఆయిల్ కూడా కంటి అంచనాతో పోసేస్తారు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో 25 పాళ్ల పెట్రోల్‌కి 1 పాలు ఆయిల్ అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, అంతే. దగ్గుమందు మూతతో కొలవండి, తప్పు లేదు.

అన్నట్టు, ఆ పాత కార్బురేటర్ ఇచ్చెయ్యమని అడిగితే "పాత ఇనుముకి వేసేశానండీ" అన్నాడు. బంగారంలాంటి కార్బురేటర్.