స్విఫ్ట్‌లో 12.1, హైబ్రిడ్‌లో ఎప్పుడూ 14: బ్యాటరీ వోల్టేజీని ఎలా చూడాలి?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది, తర్వాత చదివేవాళ్ల కోసం ముందు దాన్ని కుదించి చెప్తాను. ఇంట్లో ఎక్కువగా ఇంటి ముందే నిలబడి ఉండే పాత స్విఫ్ట్ ఒకటి, కొత్త టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుతో పాటు పెద్ద బ్యాటరీ, మోటారు కూడా ఉండే బండి) ఒకటి ఉన్నాయి. పొద్దున్నే స్విఫ్ట్ బ్యాటరీకి మీటరు పెడితే 12.1 చూపించింది, షాపాయన "ఇది అయిపోయింది సామీ, మార్చేయండి" అన్నాడు. హైరైడర్‌లో ఫోను చార్జింగ్ సాకెట్‌లో పెట్టిన మీటరు మాత్రం ఎప్పుడు చూసినా 14 దగ్గరే ఉంటోంది. 177 వోల్టుల పెద్ద బ్యాటరీ ఉన్న బండికి మళ్లీ ఈ 12 వోల్టుల చిన్న బ్యాటరీ దేనికి, అది పోతే ఏమవుతుంది?

మా కుటుంబంలోనూ ఇదే జోడీ. చిత్తూరులో నాన్న దగ్గర పాత పెట్రోలు బండి, తిరుపతిలో మా బావ దగ్గర హైబ్రిడ్. రెండింటికీ మీటరు పెట్టే పని నాదే కాబట్టి రాస్తున్నాను.

షాపాయన్ని ముందు ఒకటి అడగాల్సింది: 12.1 అనేది ఎప్పటి లెక్క? బండి ఆపిన పది నిమిషాలకు చూసిందా, రాత్రంతా నిలబెట్టాక చూసిందా, డోరు తీసి లోపల లైటు వెలుగుతుండగా చూసిందా? ఆ సంగతి తేలకుండా వోల్టేజీ మీద తీర్పు చెప్పకూడదు. బండి అప్పుడే ఆపితే ప్లేట్ల పైపైన ఇంకా చార్జి మిగిలి ఉండి 12.8, 12.9 కూడా చూపిస్తుంది, నీరసంగా ఉన్న బ్యాటరీ కూడా దిట్టంగా కనిపిస్తుంది. అందుకే కొన్ని గంటలు వదిలేసి చూడాలి. అంత ఓపిక లేకపోతే ఇంజను ఆపి, హెడ్‌లైట్లు ఒకటి రెండు నిమిషాలు వేసి ఆర్పి, కాసేపాగి చూడండి.

అలా చూసినప్పుడు 12.6, 12.7 అంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.8కి దిగిందంటే ఖాళీ. చూశారా, నిండుకీ ఖాళీకీ మధ్య ఉన్నది ఒక్క వోల్టు కూడా కాదు. కాబట్టి మీటరు నమ్మకంగా ఉండాలి, సాకెట్‌లో పెట్టే చవక మీటర్ల మాట పాయింటు తర్వాతి అంకె దాకా నమ్మొద్దు. మల్టీమీటర్ తీసుకుని నేరుగా బ్యాటరీ మీదే కొలవండి.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే ఇంకా నయం. లోపల ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి 2.1 వోల్టులు. ఒక్కో సెల్ వోల్టేజీ దాదాపుగా ఆసిడ్ గాఢతకు (నీటితో పోలిస్తే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) 0.84 కలిపితే వచ్చేది. ఆసిడ్ 1.28 ఉంటే 2.12, ఆరింటికి 12.7. ఎండ ఎక్కువుండే ప్రాంతాలకు తయారయ్యే కొన్ని బ్యాటరీల్లో ఆసిడ్‌ను కాస్త పలచగా, 1.24, 1.25 దగ్గర పోస్తారు, ప్లేట్లు త్వరగా తినేయకుండా. అలాంటి బ్యాటరీ నిండా చార్జి అయినా 12.5 చుట్టుపక్కలే చూపిస్తుంది. అంటే చలిదేశాల వీడియోల్లో చెప్పే 12.7 రాలేదని మన దగ్గర కంగారు పడనక్కర్లేదు. తిరుపతి పక్కన కరకంబాడిలో 1985 నుంచి బ్యాటరీలు చేసే అమర రాజా వాళ్లు ఉండగా, బ్యాటరీల ఊరని చెప్పుకుంటూ, ఈ లెక్క మనలో చాలామందికి తెలీదు.

మీ 12.1 రాత్రంతా నిలబెట్టాక చూసిందే అనుకుందాం. అప్పుడు కూడా అర్థం "చార్జి సగం కంటే తక్కువ ఉంది" అని మాత్రమే, "బ్యాటరీ చచ్చింది" అని కాదు. స్విఫ్ట్ ఎక్కువగా ఇంటి ముందే నిలబడుతోందన్నారు కదా. అలారం, సెంట్రల్ లాకింగ్, గడియారం కలిపి ఆపిన బండి కూడా 20 నుంచి 50 మిల్లీయాంపుల దాకా తాగుతూనే ఉంటుంది. 50 వేసుకుంటే రోజుకు 1.2 యాంపియర్ అవర్లు. 35 యాంపియర్ అవర్ల బ్యాటరీలో రెండు వారాలకు సగం పోతుంది. దానికి తోడు డ్యాష్ కెమెరాను నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే చెప్పనే అక్కర్లేదు.

కాబట్టి ముందు మంచి చార్జరుతో రాత్రంతా నెమ్మదిగా ఎక్కించండి. ఒకరోజు వదిలేసి చూడండి. 12.5 దగ్గర, ఆ పైన నిలబడితే బ్యాటరీలో ప్రాణం ఉన్నట్టే. మళ్లీ 12.1కి జారిపోతే దిగులు పడాలి. ఎంత ఎక్కించినా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక సెల్ పోయిందని లెక్క, 12.6లోంచి 2.1 తీసేయండి, అదే. దానికి మాత్రం మందు లేదు.

అసలు పరీక్ష సెల్ఫ్ కొట్టేటప్పుడు జరుగుతుంది. మొన్న వేసవిలో నాన్న బండి పొద్దున పూట మూలుగుతోందంటే చిత్తూరు వెళ్లాను. కదపకముందు 12.5. నేను మీటరు పట్టుకుని ఉంటే నాన్న తాళం తిప్పారు, గబుక్కున 8.9కి పడి, ఇంజను అందుకున్నాక 14.2కి ఎగిరింది. 12.5 ఉన్న బ్యాటరీ అంత కిందికి పడటమేంటని చూస్తే ప్లస్ క్లాంప్ చుట్టూ పచ్చగా, తెల్లగా పొడి పేరుకుని ఉంది. మీటరు ముళ్లు నేను క్లాంప్‌ల మీద పెట్టి ఉన్నాను. ఈసారి ఒక ముల్లు బ్యాటరీ సీసపు గుబ్బ మీద, ఇంకోటి దాన్ని పట్టుకున్న క్లాంప్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను. రెండిటి మధ్య ఒక వోల్టు పైనే వచ్చింది. అక్కడ దాదాపు సున్నా రావాలి. క్లాంప్ విప్పి, వేడినీళ్లు పోసి, వైరు బ్రష్‌తో రుద్ది, ఆరాక బిగించి కాస్త వాజిలీన్ రాశాం. తర్వాత సెల్ఫ్ కొడితే 10.4 కంటే కిందికి పోలేదు. సెల్ఫ్ సమయంలో 10 పైన ఉంటే బాగున్నట్టు, 9.6 కంటే దిగజారుతుంటే లోడ్ టెస్టర్ (బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటు లాగి పరీక్షించే పరికరం) పెట్టించండి. లోడ్ టెస్టర్ లేని షాపులో ఒక్క వోల్టేజీ చూసి కొత్త బ్యాటరీ అమ్ముతానంటే నేనైతే దండం పెట్టి వచ్చేస్తాను.

ఇంజను నడుస్తుంటే మామూలు బండిలో 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. డైనమో అని మనం పిలిచే ఆల్టర్నేటర్ పని అది. అయితే ఈ మధ్య వచ్చే చాలా పెట్రోలు, డీజిలు బండ్లలో ఆల్టర్నేటర్‌ను కంప్యూటరే ఆడిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చార్జింగ్ తగ్గించి 12.8 దాకా దించేస్తుంది, బ్రేకు మీద 14.8కి లేపుతుంది. అది చూసి డైనమో పోయిందని విప్పించుకున్నవాళ్లున్నారు. పాత స్విఫ్ట్‌లో మాత్రం రేసు పెంచినా 13 దాటకపోతే, లేదా 15 దాటుతుంటే ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

ఇక హైరైడర్. ఇందులో ఆల్టర్నేటరే లేదు, సెల్ఫ్ మోటారూ లేదు. ఇంజనును తిప్పేది పెద్ద బ్యాటరీతో నడిచే మోటారు. 12 వోల్టుల బ్యాటరీకి చార్జి ఎక్కించేది డీసీ-డీసీ కన్వర్టర్. పెద్ద బ్యాటరీ కరెంటును అది కిందికి దించి ఇస్తుంది. ఇంజను ఆగి ఉన్నా సరే, బండి కదలడానికి సిద్ధమని బోర్డు మీద చెప్పే రెడీ లైటు వెలుగుతున్నంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది. మీ మీటరు ఎప్పుడు చూసినా 14 చూపించడానికి కారణం అదే. మీకు కనిపిస్తున్నది కన్వర్టర్ వోల్టేజీ, బ్యాటరీ ఆరోగ్యం కాదు. ఆ బ్యాటరీ సంగతి తెలియాలంటే బండి పూర్తిగా ఆపి, కొన్ని గంటల తర్వాత, ఏ స్విచ్చీ నొక్కకముందు బ్యాటరీ మీదే చూడాలి.

మరి అది దేనికి? పెద్ద బ్యాటరీని బండితో కలిపే రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), కంప్యూటర్లు, తాళాలు, లైట్లు అన్నీ 12 వోల్టుల మీదే లేస్తాయి. బండి ఆపగానే భద్రత కోసం ఆ రిలేలు విడిపోతాయి, పెద్ద బ్యాటరీ ఒంటరిగా ఉండిపోతుంది. బీరువాలో ఎంత డబ్బున్నా తాళంచెవి పోతే చేతికి రాదు, ఇదీ అంతే. చిన్న బ్యాటరీ దిగిందంటే సెల్ఫ్ మూలుగు వినపడదు. బోర్డు మీద సంబంధం లేని వార్నింగులన్నీ వెలుగుతాయి, రెడీ మాత్రం రాదు. మా బావ అది చూసి హైబ్రిడ్ సిస్టమే పోయిందని లక్షల లెక్క వేసుకున్నాడు. నేను వెళ్లి చూస్తే చిన్న బ్యాటరీ 11.3. అద్దం దగ్గరి డ్యాష్ కెమెరా ఒకటి రాత్రింబవళ్లు తాగుతోంది. చేతిలో ఇమిడే జంప్ ప్యాక్ (బయటి నుంచి కరెంటు ఇచ్చే చిన్న బ్యాటరీ) పెడితే ఒక్క నొక్కుతో రెడీ వచ్చేసింది. ఇక్కడ ఇంజను తిప్పే పని లేదు, కంప్యూటర్లు లేస్తే చాలు, కాబట్టి కొద్ది కరెంటుతోనే పని జరిగిపోతుంది. ఈ బండిని తోసి స్టార్ట్ చేయడం మాత్రం కుదరదు.

177 సంగతి: అది 177.6, లిథియం అయాన్ సెల్స్ 48, ఒక్కోటి 3.7. హోండా సిటీ హైబ్రిడ్‌లోనూ 48 సెల్సే, కాకపోతే 172.8 అని రాస్తారు. టయోటా పాత ప్రియస్‌లో (రెండో, మూడో తరం) 1.2 వోల్టుల నికెల్ సెల్స్ 168 కలిపి 201.6. ఇవన్నీ పేరుకు రాసే సగటు అంకెలు, నడుస్తుంటే పైకీ కిందికీ పోతూనే ఉంటాయి. దాన్ని కొలిచే పని మీది కాదు, నాది కూడా కాదు. మల్టీమీటర్ మీద 600 అని రాసి ఉంది కదా అని పెద్ద బ్యాటరీ కరెంటు మోసే నారింజ రంగు కేబుళ్ల జోలికి పోవద్దు, ఆ వోల్టేజీ ప్రాణం తీస్తుంది.

పెద్ద బ్యాటరీని కంప్యూటర్ పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఎండనివ్వదు. ఇది కళ్లారా చూడాలంటే తిరుమల నుంచి కిందికి దిగండి. మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో బ్రేకు మీద కాలు పెట్టిన ప్రతిసారీ తెర మీద గీతలు నిండుతూ వస్తాయి. అలిపిరి ఇంకా దూరంగా ఉండగానే నిండిపోతాయి. అప్పుడు యాక్సిలరేటర్ ముట్టుకోకపోయినా ఇంజను గట్టిగా రొద చేస్తుంది. భయపడకండి, ఎక్కించుకోవడానికి చోటు లేని కరెంటుతో మోటారు ఇంజనును ఉత్తినే తిప్పి వేగాన్ని అదుపు చేస్తోంది. అక్కడ గేరు బి లో వేసుకుంటే బ్రేకులు కూడా తక్కువ కాగుతాయి.

వారాల తరబడి తీయకపోతే హైబ్రిడ్‌ను వారానికోసారి రెడీలో పెట్టి అరగంట, గంట ఉంచండి, ఆరుబయటే సుమా, మధ్యలో ఇంజను దానంతటదే లేస్తుంది. రెడీ రాకుండా ఉత్తి పవర్ ఆన్ చేసి పాటలు వింటే చార్జి ఎక్కదు, దిగుతుంది. స్మార్ట్ తాళంచెవిని బండి పక్క గోడకే తగిలించొద్దు, దాని కోసం బండి మాటిమాటికీ మేలుకుంటుంది. కొన్ని హైబ్రిడ్లలో చిన్న బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, అది దిగితే డిక్కీ కూడా తెరుచుకోదు. అలాంటి వాటికి బానెట్ కింద ఫ్యూజు పెట్టెలో జంప్ కోసం ప్లస్ పాయింటు ఇస్తారు. మీ బండిలో ఎక్కడుందో మాన్యువల్‌లో ఇవాళే చూసి పెట్టుకోండి. ప్లస్, మైనస్ తారుమారైతే పోయేది బ్యాటరీ కాదు, ఎలక్ట్రానిక్స్. ఎదురింటి బొలెరోకు జంప్ ఇవ్వమని ఎవరైనా అడిగితే స్విఫ్ట్‌తో ఇవ్వండి, హైరైడర్‌తో వద్దు. డీజిల్ ఇంజను సెల్ఫ్ లాగే కరెంటును ఆ చిన్న బ్యాటరీ, కన్వర్టర్ మోయలేవు.