బూడిద ఇటుక మూలలు రాలుతుంటే సిమెంటు కలపాలా?

వంద కిలోలకు థర్మల్ ప్లాంటు బూడిద (ఫ్లై యాష్) 58, క్రషర్ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు వచ్చే రాతిపొడి) 27, సున్నం 12, జిప్సం 3 వేస్తున్నామని, వారం తర్వాత కూడా మూలలు నలిపితే రాలుతున్నాయని, పది శాతం సిమెంటు కలపమంటారా అని అడిగారు.

ఇప్పుడే వద్దు. ఆ పాళ్లలో తప్పేమీ లేదు. కిలో సిమెంటు తయారీలో దాదాపు కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బట్టీ కాల్చకుండా, పొలం మట్టి తవ్వకుండా చేసే ఇటుకకు ఆ బరువు అనవసరంగా ఎక్కించొద్దు.

ముందు ఒక ఇటుకను విరిచి చూడండి. లోపల గట్టిగా ఉండి, చుట్టూ వేలెడు మందాన పాలిపోయి పొడిపొడిగా ఉంటే తప్పు క్యూరింగ్‌ది, అంటే ఇటుక గట్టిపడేదాకా తడిగా ఉంచడంలో ఉంది. బూడిదలోని సిలికా సున్నంతో కలిసి బంకగా మారాలంటే తడి ఉండాలి, వారాలు పట్టాలి. మూలకు మూడు వైపులా గాలి తగులుతుంది కాబట్టి ముందు అక్కడే తడి ఆరి పని ఆగిపోతుంది. ప్రెస్ నుంచి దించగానే నీడలో పెట్టి టార్పాలిన్ కప్పండి. రెండో రోజు నుంచి గోనెపట్టా కప్పి, అది ఆరకుండా 21 రోజులు తడపండి. తడి నిలిస్తే ఎండాకాలం మేలే, వేడికి బంక త్వరగా కడుతుంది. రోజుకోసారి పైపు చూపించి వదిలేస్తే మాత్రం మూలలు దక్కవు.

విరిచిన ముఖమంతా ఒకే తీరుగా పొడి రాలుతుంటే సున్నాన్ని అనుమానించండి. మూతి విప్పిన బస్తాలో సున్నం గాలి పీల్చి సుద్ద అయిపోతుంది, ఇక అది బూడిదతో కలవదు. చెంచాడు సున్నం నీళ్లలో కలిపి, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు చుక్కలు వేయండి. బుసబుసా నురగ పొంగితే ఆ బస్తా పక్కన పెట్టేయండి. తెల్ల పలుకులు కనిపిస్తే సున్నం నీళ్లతో పూర్తిగా విరిగి పొడి కాలేదని అర్థం. ఆ పలుకు తర్వాత తడి తగిలి ఉబ్బి ఇటుకను పగలగొడుతుంది. సున్నాన్ని జల్లించి, బూడిద, సున్నం, జిప్సం పొడిగానే పాన్ మిక్సర్‌లో రెండు నిమిషాలు తిప్పాకే డస్ట్, నీళ్లు పోయండి. గుప్పిట పిసికితే ముద్ద నిలవాలి, అరచేతికి నీరు అంటకూడదు.

బూడిద థర్మల్ ప్లాంటు హాపర్ (పొగలోంచి పట్టిన బూడిద చేరే తొట్టి) నుంచి పొడిగా వచ్చిందేనా? ప్లాంటు బూడిద చెరువులోంచి తవ్విన పాండ్ యాష్ ముతక, సున్నంతో నెమ్మదిగా కలుస్తుంది. నల్లగా ఉంటే కాలని బొగ్గు ఎక్కువుందని అర్థం.

జిప్సం 5 దాటనివ్వొద్దు. తొలి రోజుల్లో బిగువిచ్చేది అదే, కానీ మిగిలిపోతే గోడ తడిసినప్పుడు ఉబ్బి చీలికలు తెస్తుంది. ఎరువుల ఫ్యాక్టరీ జిప్సం అయితే అందులోని ఆమ్లం బిగువును ఆలస్యం చేస్తుంది. కడిగి వాడండి.

మార్చిన బ్యాచ్‌లోంచి 28 రోజులకు ఐదు ఇటుకలు ఎండబెట్టి తూచి, 24 గంటలు నానబెట్టి మళ్లీ తూచండి. పెరిగిన బరువు ఎండు బరువులో 20 శాతం లోపు ఉంటే, ల్యాబ్‌లో బలం పరీక్షకు పంపండి. అక్కడ బలం చాలదని తేలితే అప్పుడు సిమెంటు మాట ఎత్తుదాం.