ప్రైవేటీరును ‘సముద్రపు దొంగ’ అనవచ్చా?

సందేహం: పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధాల గురించిన ఒక అనువాద వ్యాసంలో “ప్రభుత్వ లైసెన్సు పొందిన సముద్రపు దొంగలు శత్రువుల ఓడను బహుమతిగా గెలుచుకున్నారు” అని చదివాను. లైసెన్సు ఉన్నవాడు దొంగ ఎలా అవుతాడు? ఓడ బహుమతి ఎలా అవుతుంది? ఇది సరైన తెలుగేనా?

సమాధానం: కాదు. ముందు ‘బహుమతి’ సంగతి తేల్చుకుందాం. ఇంగ్లీషు ‘ప్రైజ్’కు పోటీలో ఇచ్చే బహుమతి అన్న అర్థం ఒకటి, యుద్ధకాలంలో సముద్రం మీద పట్టుకున్న ఓడ, దాని సరుకు అన్న అర్థం మరొకటి. ఈ రెండోది ‘పట్టుకోవడం’ అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. మొదటిది ‘వెల’కు సంబంధించిన వేరే మాట. రూపం ఒకటైనా పుట్టుక వేరు. తెలుగులో ‘పట్టుకున్న ఓడ’ అంటే సరిపోతుంది.

‘దొంగ’ విషయంలో కొంచెం ఆగి ఆలోచించాలి. నౌకాదళం చాలనప్పుడు రాజ్యాలు వర్తకుల సొంత ఓడలకు అధికారపత్రాలు ఇచ్చేవి. ఫిరంగులు పెట్టుకొని శత్రుదేశపు ఓడలను పట్టుకోవచ్చునన్నది వాటి సారాంశం. అలాంటి ఓడనూ, దాన్ని నడిపేవాణ్నీ ఇంగ్లీషులో ‘ప్రైవేటీరు’ అంటారు. 1776లో అమెరికా కాంగ్రెస్ ఇలాంటి పత్రాలిస్తూ వంద టన్నుల లోపు ఓడకు 5,000 డాలర్లు, అంతకు మించితే 10,000 డాలర్లు పూచీకత్తు రాయించుకుంది. పట్టుకున్న ఓడను నేరుగా అమ్ముకోవడానికి లేదు. న్యాయస్థానం ముందు పెట్టాలి. శత్రువు సొత్తేనని తీర్పు వచ్చాకే అమ్మకం, ఆ తర్వాతే యజమానికీ నావికులకూ వాటాలు. సొత్తు ఎవరిదో తేల్చమని తానే న్యాయస్థానానికి వెళ్లేవాణ్ని దొంగ అనడానికి నాకు మనసొప్పదు.

ఆ కాగితం లేకపోతే ఏమయ్యేదో ఫ్రెంచి నావికుడు రొబేర్ సుర్కూఫ్ కథ చెబుతుంది. 1796 జనవరిలో అతను బంగాళాఖాతంలో ఈస్టిండియా కంపెనీ వారి ‘ట్రైటన్’ను పట్టుకున్నాడు. అయితే బయలుదేరేటప్పుడు అతను పత్రం అడిగినా ఇల్ దె ఫ్రాన్స్ గవర్నరు ఇవ్వలేదు. ఆ దీవి ఇప్పటి మారిషస్. అందువల్ల అతను తెచ్చిన ఓడలను అక్కడి ప్రభుత్వమే స్వాధీనం చేసుకుంది. ఫ్రాన్సుకు వెళ్లి మొరపెట్టుకున్నాకే అతనికి పరిహారం దక్కింది. 1800 అక్టోబరులో ‘కెంట్’ను పట్టుకున్నప్పుడు మాత్రం అతని దగ్గర పత్రం ఉంది. మనిషి అతనే, సముద్రం అదే, కొల్లగొట్టిన తీరూ దాదాపు అదే. అయినా చట్టం దృష్టిలో రెండూ వేరు. రెండింటికీ ‘సముద్రపు దొంగ’ అనే రాస్తే ఈ కథ తెలుగులో చెప్పడానికే వీలుండదు.

మరి ఏమనాలి? ‘పరవానా ఓడ’ అనడం నాకు నచ్చుతుంది. ‘పరవానా’ పారసీకం నుంచి వచ్చి కచేరీ కాగితాల్లో స్థిరపడిన మాట. సర్కారు అనుమతి అన్న అర్థం వెంటనే స్ఫురిస్తుంది. మనిషినైతే ‘పరవానా ఓడ నాయకుడు’ అనవచ్చు. ‘పరవానా దొంగ’ అని మాత్రం కూర్చకండి. కోళ్లదొంగ కోళ్లను ఎత్తుకుపోయినట్లు, వాడు పరవానాలు ఎత్తుకుపోయేవాడవుతాడు. తిరగేసి ‘దొంగ పరవానా’ అంటే నకిలీ కాగితం. ‘ప్రైవేటు నౌక’ కూడా పనికిరాదు, ఫిరంగీ ఎరగని సరుకు ఓడ కూడా ప్రైవేటుదే కదా. చరిత్ర వ్యాసంలో ‘ప్రైవేటీరు’ అనే ఉంచి, మొదటిసారి వివరణ ఇచ్చినా తప్పులేదు.

‘దొంగ’ను పూర్తిగా వెలివేయమని నేను అనను. ఓడ పోగొట్టుకున్న వర్తకుడి నోట ఆ మాట రావడం సహజం, సంభాషణలో తప్పకుండా రాయండి. కథ చెప్పేవారి గొంతులో మాత్రం అది తీర్పు అవుతుంది. 1856 పారిస్ ప్రకటనతో చాలా యూరప్ రాజ్యాలు ఈ పద్ధతికి స్వస్తి చెప్పాయి. అంతకుముందు కాలానికి అది చట్టసమ్మతమైన వృత్తి.

ఇంకో జాగ్రత్త. 1804 సెప్టెంబరులో విశాఖపట్నం దగ్గర బ్రిటిషు ఓడల మీద దాడిచేసి ‘ప్రిన్సెస్ షార్లెట్’ను పట్టుకుపోయిన ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా ఓడలు ఈ కోవలోకి రావు. అవి ఫ్రెంచి నౌకాదళానివే. అక్కడ ‘యుద్ధనౌకలు’ అనే రాయాలి.