బెజ్జం వేస్తుంటే సముద్రపు గాజు పగిలిపోతోందా?

తీరంలో ఏరుకున్న, అలల్లో అరిగిన గాజు ముక్కలకు నగ కోసం బెజ్జం వేస్తుంటే పగిలిపోతున్నాయనీ, అపురూపంగా దాచుకున్న నీలం ముక్క కూడా రెండైపోయిందనీ రాశారు. చదవగానే ప్రాణం ఉసూరుమంది. నేను ఈ గాజుతో నగలు చేయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. మొదటి ఏడాది నా చేతిలోనూ పదకొండు ముక్కలు అలాగే పోయాయి. వాటిని ఒక సీసాలో వేసి ఇప్పటికీ ఉంచుకున్నాను.

నేను చూసినంతలో గాజు పగలడానికి ముఖ్యంగా రెండే కారణాలు. మొదటిది వేడి. డ్రిల్‌కు బిగించే ముల్లు, అంటే బిట్, తిరిగే చోట గాజు కాలిపోతుంటుంది, పక్కనే చల్లగా ఉంటుంది. ఆ తేడాకే బీట పడుతుంది. అందుకే పైన రెండు చుక్కలు పోస్తే చాలదు, ముక్క మొత్తం నీళ్లలో మునిగి ఉండాలి. నేను లోతు తక్కువ ప్లాస్టిక్ డబ్బా అడుగున చెక్కముక్క పెట్టి, దాని మీద గాజు ఉంచి, అది అర సెంటీమీటరు మునిగేలా నీళ్లు పోస్తాను. బిట్ వజ్రపు పొడి పూసినదే కావాలి, 1 మిల్లీమీటరు నుంచి 2 మిల్లీమీటర్ల లోపు మందం. ముందు కాస్త ఏటవాలుగా పట్టుకుని చిన్న గాటు పెట్టుకోండి. బిట్ జారకుండా అక్కడ కుదురుకున్నాక నెమ్మదిగా నిటారుగా తిప్పండి. ఇక ఒత్తకండి. రెండు మూడు క్షణాలు ఆనించడం, పైకెత్తడం, మళ్లీ ఆనించడం. ఎత్తిన ప్రతిసారీ బెజ్జంలోంచి తెల్లటి మడ్డి బయటికొచ్చి, చల్లటి నీరు లోపలికి పోతుంది. మందపాటి ముక్కకు ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. ఇదివరకు సులువుగా దిగిన బిట్ ఇప్పుడు బలం పెడితే గానీ దిగడం లేదంటే అది అరిగిపోయినట్టే, మార్చేయండి. అరిగిన బిట్‌తో కక్కుర్తి పడి నేను పోగొట్టుకున్న ముక్కల విలువ ముందు కొత్త బిట్ ఖరీదు ఎంత?

రెండో కారణం చివరి పొర. ఒకవైపు నుంచే దిగుతూ పోతే, అవతలి వైపుకు వచ్చేసరికి మిగిలిన పలుచని పొర బిట్ తాకిడికి పెచ్చులా లేచిపోతుంది. సగానికి పైగా దిగాక ముక్కను తిరగేసి, అటు నుంచి మొదలుపెట్టి మధ్యలో కలపండి. బెజ్జానికీ అంచుకీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు వదలాలి. మొదలుపెట్టే ముందు ముక్కను దీపానికి ఎదురుగా పట్టి చూడండి. లోపల వెంట్రుక లాంటి గీత కనిపిస్తే దానికి డ్రిల్ పెట్టకండి.

జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. నీళ్ల దగ్గర ప్లగ్గుకు తగిలించే డ్రిల్ వద్దు, బ్యాటరీది వాడండి. కళ్లద్దాలు పెట్టుకోండి. తడి లేని గాజును ఎప్పుడూ కొయ్యకండి, అరగదీయకండి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు.

ఇంకో మాట, మనసులోది. అరుదైన రంగు ముక్కకు నేను అసలు బెజ్జమే వేయను. తీగ చుడతాను. 20 గేజ్ తీగతో (గేజ్ అంటే తీగ మందం, అంకె పెరిగితే తీగ సన్నం) చుట్టూ చట్రం కట్టి, 26 గేజ్ సన్న తీగతో అక్కడక్కడా బిగిస్తే ముక్క కదలదు, ఎప్పుడైనా విప్పుకోవచ్చు కూడా. ముందు మెత్తటి రాగి తీగతో చేయి తిప్పుకోండి. రాగి కొందరికి చర్మం మీద ఆకుపచ్చ మరక వేస్తుంది కాబట్టి, వేసుకునే నగకు వెండి తీగ మేలు. తీగ కొసను పట్టకారుతో లోపలికి మడిచి నొక్కడం మరవకండి. అక్క కోసం చేసిన మొదటి లాకెట్‌లో ఆ పని సరిగా చేయలేదు. ఆ కొస చీరకు తగులుకుని పోగులు లాగేసింది.

కొనుక్కున్న పొట్లంలోవి నిజమైనవేనా అన్నారు కదా, ఒక భూతద్దం తీసుకోండి. 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో ఇసుకలోని క్వార్ట్‌జ్ అనే ఖనిజం గట్టిదనం 7, గాజుది దాదాపు 5.5. అందుకే ఇసుకా రాళ్లూ ఏళ్ల తరబడి గాజును గీకుతాయి, కొడతాయి. మరోపక్క నీరు గాజులోని సోడానూ సున్నాన్నీ మెల్లగా లాగేస్తుంది. ఈ రెండూ కలిస్తేనే ఆ పొగమంచు పూత. నిజమైన దాని మీద నెలవంక ఆకారపు చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి, ఒకచోట గరుకుగా, ఇంకోచోట నున్నగా ఉంటుంది. యంత్రంలో దొర్లించినదో, ఆమ్లంలో ముంచినదో అయితే అంతటా ఒకే తీరు నునుపు. అలాంటిది కొనడం తప్పని నేననను, చెప్పి అమ్మితే. సముద్రానిదని చెప్పి అమ్మడమే మోసం.

ఏరడానికి ఆటు సమయంలో నీరు బాగా వెనక్కి తగ్గే రోజులు చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాతి ఒకటి రెండు రోజులు నాకు బాగా కలిసొచ్చాయి. తుపాను వెలిసిన తర్వాత ఇంకా మంచిది. శుద్ధమైన ఇసుకలో కన్నా గులకరాళ్లు పేరుకున్న చారలో వెతకండి. తెలుపు, గోధుమ, ఆకుపచ్చ ఎక్కువగా దొరుకుతాయి. లేత ఊదా దొరికితే దానికో కథ ఉంటుంది. ఇనుము వల్ల గాజుకు వచ్చే ఆకుపచ్చ ఛాయ పోవడానికి ఒకప్పుడు మాంగనీసు కలిపేవారు, అది ఏళ్ల ఎండకు ఊదాగా మారింది. అంటే ఆ ముక్క ఒకప్పుడు రంగులేని సీసా. ఎరుపు మాత్రం ఇన్నేళ్లలో నాకు ఒక్కటే దొరికింది, గోరంత.

ఇంగ్లండ్‌లోని సీహమ్ తీరంలో ఒకే ముక్కలో నాలుగైదు రంగులు కలిసిన గాజు దొరుకుతుంది. 1853లో అక్కడ పెట్టిన సీసాల ఫ్యాక్టరీ 1921లో మూతపడింది, అది సముద్రంలో పారబోసిన వ్యర్థమే ఇప్పుడు ఒడ్డుకొస్తోంది. కాలిఫోర్నియా ఫోర్ట్ బ్రాగ్ దగ్గరి గాజు తీరం కూడా 1967 దాకా ఊరి చెత్త పోసిన చోటే. అక్కడ స్టేట్ పార్కు పరిధిలో ఏరుకోవడం నిషేధం. కాబట్టి ఎక్కడికి వెళ్లినా ముందు నియమాలు కనుక్కోండి. పాత చెత్తే అయినా అది తరిగిపోతోంది, సీసాల స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది. అందుకని నేను దోసెడు మించి తీసుకోను. అంచులు ఇంకా పదునుగా ఉన్న ముక్క కనిపిస్తే మాత్రం తప్పకుండా తీసి చెత్తబుట్టలో వేస్తాను, ఎవరి కాలికైనా గుచ్చుకుంటుంది.

ఇక మీ నీలం ముక్క. పారేయకండి. రెండు సగాలనూ నీళ్లలో ఉంచి, పగిలిన అంచును నల్ల వాటర్‌పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) మీద 220 నంబరుతో, తర్వాత 400తో రుద్దండి. ఆ అంచుకు పాత మంచుపూత రాదు, అయినా పదును పోతుంది. చట్రం తీగను సరిగ్గా ఆ అంచు మీదుగానే పోనిచ్చి కప్పేయండి. ఒకే ముక్కలోని సగాలు కాబట్టి రంగూ మందమూ కచ్చితంగా కలుస్తాయి. సముద్రపు గాజులో చెవి కమ్మలకు అలా జోడీ కుదరడం చాలా కష్టం. నేను ఒక జోడీ కోసం రెండేళ్లు వెతికాను.